ఊరంతా ఒప్పుకున్నా వేయలేని జరిమానా

ప్రశ్న

నిజామాబాద్ జిల్లా పల్లె నుంచి ఒక వార్డు సభ్యురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టొద్దని కోరారు కాబట్టి గుర్తుపట్టే వివరాలు తీసేసి విషయం మాత్రం చెబుతున్నాం.

ఆమె పదో తరగతి దాకా చదివారు. వార్డు మహిళలకు రిజర్వయింది. పోటీ లేకుండా ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. ఆ ఏకగ్రీవం కుదిర్చింది ఊళ్లోని వీడీసీ, అంటే గ్రామాభివృద్ధి కమిటీ. భర్త అందులో తమ కులం తరఫున పెద్దమనిషి. కొన్ని నెలల కిందట ఒక బీసీ రైతు కుటుంబానికీ, పక్క పొలం వాళ్లకూ బండ్ల బాట మీద తగాదా వచ్చింది. కమిటీ కూర్చుని బాట వదిలెయ్యమంది. ఆ కుటుంబం ఒప్పుకోకుండా కోర్టుకు పోయింది. ఊరి మాట కాదన్నందుకు కమిటీ 50 వేలు దండుగ వేసింది. కట్టకపోయేసరికి బహిష్కరణ పెట్టింది. కిరాణంలో సామాన్లు ఇవ్వొద్దు, వాళ్ల పొలానికి ట్రాక్టరు, హార్వెస్టరు కిరాయికి పోవద్దు, వాళ్లతో మాట్లాడినవాళ్లు 5 వేలు కట్టాలి. మైకులో చాటింపు కూడా అయింది. ఇప్పుడు అదే కమిటీ పంచాయతీ మీదికి వచ్చింది. ఆ ఇంటి నల్లా కనెక్షన్ తీసేయాలట, ఏ కాగితమూ ఇవ్వొద్దట, దండుగను పంచాయతీ కూడా ఆమోదించినట్టు తీర్మానం రాయాలట. సర్పంచ్ ఎటూ తేల్చడం లేదు.

"మా ఆయనేమో 'ఊరు ఇచ్చిన పదవి, ఊరు చెప్పినకాడ సంతకం పెట్టాలె' అంటడు. హైదరాబాదుల డిగ్రీ చదివే మా కొడుకు ఇంకోతీరు మాట్లాడతడు. 'పక్కింటాయన దగ్గర పైసలు గుంజే హక్కు నాకు లేదు. నాకు లేనిది నేను నీకు ఓటేసి ఎట్ల ఇస్త? ఆ లెక్కన పంచాయతీ ఇంటి పన్ను గూడ దండుగే' అంటడు. ఇద్దరి మాటల్ల ఎంతో కొంత నిజం ఉన్నట్టే అనిపిస్తది. అసలు మెంబరునైనందుకు నాకు మామూలు మనిషికి లేని అధికారం ఏమన్న ఉన్నదా? సంతకం పెట్టకుంటె నన్ను తీసేస్తరా? మా ఆయన మీదికి కేసు రావొద్దు. ఆ ఇంట్ల బిడ్డ పెండ్లి ఉన్నది, పిలిచిండ్రు. పోవాల్నా, వద్దా?"

సమాధానం

అమ్మా, ముందు మీ అబ్బాయి మాట దగ్గర మొదలుపెడతాను. అది తేలితే సంతకం సంగతి సగం తేలినట్టే.

ఎవరి దగ్గర లేనిదాన్ని వాళ్లు ఇంకొకరికి ఇవ్వలేరన్న వాదన చాలా పాతది. ఫ్రాన్సులో ఫ్రెడెరిక్ బాస్టియా అనే ఆర్థికవేత్త 1850లో ఇంచుమించు ఇదే అన్నాడు: మనిషికి తనను తాను కాపాడుకునే హక్కుంది, చట్టమంటే ఆ హక్కును అందరూ కలిసి వాడుకోవడమే, అంతకు మించితే దోపిడీ. అమెరికాలో లైసాండర్ స్పూనర్ అనే లాయరు ఇంకా ముందుకు పోయి, నేను సంతకం చేయని రాజ్యాంగం నన్నెలా కట్టేస్తుందని అడిగాడు. కాబట్టి మీవాడిది కాలేజీ కుర్రాడి కొంటె ప్రశ్న అనుకోకండి. దీనికి పూర్తిగా నోరు మూయించే జవాబు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

అయితే ఆ వాదన ఓటును ఒక మూట లాగా చూస్తోంది. ఊళ్లో అందరూ తలా కొంచెం అధికారం మూటగట్టి మీ చేతిలో పెట్టినట్టు. మీ ఆయన లెక్క కూడా సరిగ్గా అదే: ఊరు ఇచ్చింది, ఊరు చెప్పినట్టు వాడాలి. ఒకరు మూట ఖాళీ అంటున్నారు, ఇంకొకరు నిండుగా ఉందంటున్నారు, మూట ఉందన్న దగ్గర మాత్రం ఇద్దరూ కలుస్తున్నారు. మన దగ్గర ఏర్పాటు అలా లేదు. మీ వార్డు వాళ్ల ఓటుతో, లేదా పోటీ లేకపోవడంతో, మీరు ఒక కుర్చీలో కూర్చున్నారు. అంతవరకే ఓటు పని. ఆ కుర్చీకి ఏ అధికారాలు ఉంటాయో మీ వార్డు నిర్ణయించలేదు. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, దాని కింద మన శాసనసభ చేసిన 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం నిర్ణయించాయి. మీకు వంద శాతం ఓట్లు పడినా అందులో ఒక్క అధికారం పెరగదు. ఒక్క ఓటుతో గట్టెక్కినా ఒక్కటి తగ్గదు. ఏకగ్రీవానిదీ అదే లెక్క. మిమ్మల్ని ఎన్నికైనట్టు ప్రకటించింది ఎన్నికల అధికారి. పోటీ లేకుండా చూసింది వీడీసీయే కావచ్చు, దానివల్ల మీ సంతకం మీద దానికి హక్కేమీ పుట్టదు.

ఇక మీ మొదటి ప్రశ్న. ఉన్నాయి, మామూలు పౌరుడికి లేని అధికారాలు మీకు ఉన్నాయి. కానీ అవి పంచాయతీగా కూర్చున్నప్పుడే, తీర్మానంలో మీ వంతు మేరకే. ఇంటి పన్నునే తీసుకోండి. మీరు ఒక్కరే ఎవరి ఇంటికి పోయి పన్ను అడిగినా అది దౌర్జన్యమే. పంచాయతీ అడిగితే పన్ను. ఎందుకంటే రాజ్యాంగం 265వ అధికరణం చట్టం లేకుండా ఏ పన్నూ వేయకూడదంటుంది, 243హెచ్ పంచాయతీకి పన్నులు వేసే అధికారం చట్టం ద్వారా ఇవ్వొచ్చంటుంది, రాష్ట్ర చట్టం ఇచ్చింది. దాని వెనకాల ఒక తతంగం ఉంది: ఇంటి కొలత, ఒకే రకం ఇళ్లన్నిటికీ ఒకే లెక్క, డిమాండు నోటీసు, తప్పనిపిస్తే అభ్యంతరం చెప్పే దారి, రసీదు, పంచాయతీ ఖాతా, ఏటా ఆడిట్. సర్పంచ్ ఇంటికీ అదే పన్ను పడుతుంది. మీ అబ్బాయి 'ఇంటి పన్ను గూడ దండుగే' అన్నప్పుడు ఈ తతంగం ముందు పెట్టి, వీడీసీ వేసిన 50 వేలకు ఇందులో ఏది ఉందో చూపించమనండి. ఏ చట్టం, ఏ లెక్క, ఎక్కడ అప్పీలు, ఏ ఖాతా, ఎవరి ఆడిట్?

పౌరుడికీ పదవిలో ఉన్నవాళ్లకూ అసలు తేడా ఒకటుంది, దాన్ని మన పల్లెల్లో సాధారణంగా తలకిందులుగా అనుకుంటారు. మామూలు మనిషి చట్టం వద్దనని ఏ పనైనా చేయొచ్చు. పదవిలో కూర్చున్నవాళ్లు చట్టం చేయమన్న పనే చేయాలి, చేయొచ్చని చట్టంలో లేకపోతే చేయకూడదు. అంటే ఒక రకంగా మీ చేతులు పౌరుల చేతులకన్నా ఎక్కువ కట్టేసి ఉన్నాయి. మీరు మీ సొంత బోరు నీళ్లు ఒకరికి ఇవ్వడం, ఇంకొకరికి ఇవ్వకపోవడం మీ ఇష్టం. పంచాయతీ నల్లా విషయంలో ఆ ఇష్టం మీకు లేదు. బిల్లు బాకీ పడితే నోటీసిచ్చి నిబంధనల ప్రకారం ఆపడం ఒకటి, పొలం బాట తగాదాలో ఊరి మాట వినలేదని ఆపడం ఇంకొకటి. రెండోదానికి చట్టంలో చోటు లేదు. సమానత్వం చెప్పే 14వ అధికరణం, జీవించే హక్కు చెప్పే 21వ అధికరణం రెండూ దానికి అడ్డం వస్తాయి. జనన మరణ ధ్రువపత్రాలదీ అదే సంగతి. 1969 నాటి చట్టం కింద అవి కార్యదర్శి దయతో ఇచ్చేవి కావు, ఇవ్వాల్సినవి.

పైనున్న వాళ్లు కూడా ఇంతే. ఎంపీకి ఏడాదికి 5 కోట్ల నిధి అంటారు కదా, అందులో ఎంపీ చేసేది సిఫారసు. పని మంజూరు చేసేది, డబ్బు ఖర్చుపెట్టేది జిల్లా యంత్రాంగం. ఎమ్మెల్యే సభలో మాట్లాడిన మాటకు కోర్టులో కేసు వేయకూడదు, 194వ అధికరణం కాపాడుతుంది. అదే మాట బస్టాండులో అంటే కాపాడదు. ఆ రక్షణ పేరుతో సభలో ఓటుకు లంచం తీసుకున్నా చెల్లుతుందని 1998లో సుప్రీంకోర్టు అన్న మాటను 2024 మార్చి 4న ఏడుగురు జడ్జీల ధర్మాసనం కొట్టేసింది. పార్లమెంటు మూడింట రెండొంతుల మెజారిటీతో కూడా రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చలేదని 1973లోనే కేశవానంద భారతి కేసులో తేలింది. అక్కడే అన్ని హద్దులుంటే, ఒక వార్డు సభ్యురాలి సంతకంతో ఒక కుటుంబం మీద 50 వేలు పడిపోతాయా?

శిక్ష విషయానికొస్తే మీ స్థానం ఇంకా మామూలుది. కళ్లెదుట పెద్ద నేరం, అంటే బెయిలు దొరకని, పోలీసు నేరుగా కేసు పెట్టగలిగిన నేరం, చేస్తున్నవాణ్ని ఏ పౌరుడైనా పట్టుకోవచ్చు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త నేర విచారణ చట్టం ప్రకారం ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. మీకూ అంతే, సర్పంచ్‌కూ అంతే. చెత్త పారబోయడం లాంటి వాటికి పంచాయతీ జరిమానాలున్నాయి, అవి చట్టంలో రాసిపెట్టినవి. ఇద్దరు రైతుల మధ్య బాట ఎవరిదో తేల్చడం, ఓడినవాడికి శిక్ష వేయడం పంచాయతీకి ఇచ్చిన పనుల్లో లేదు. పైగా ఆ సంగతి ఇప్పుడు కోర్టులో ఉంది.

మరి వీడీసీ సంగతేంటి? నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ వైపు ఊళ్లలో ఈ కమిటీలు చేసే మంచి పనులు కొట్టిపారేయలేనివి. గుడి కట్టడం, చెరువు నీళ్లు పంచడం, పండుగ ఖర్చు చూసుకోవడం. ఇష్టంతో చందా ఇచ్చి, ఇష్టంతో మాట వినేంతవరకు ఎవరికీ అభ్యంతరం ఉండక్కర్లేదు. మీరు పొదుపు సంఘంలో ఉండే ఉంటారు. మీటింగుకు రాకపోతే పది రూపాయలు దండుగ అని అందరూ కలిసి రాసుకుంటారు, చేరిన పన్నెండు మందీ కడతారు. ఆ పుస్తకం పట్టుకుని సంఘంలో లేని ఆమె ఇంటికి పోయి పది రూపాయలు అడగ్గలరా? కమిటీ దండుగ అచ్చంగా అలాంటిది. కమిటీకి సొసైటీల చట్టం కింద రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నా అది సభ్యుల వరకే. సభ్యులైనా బయటికి వచ్చేస్తామంటే ఆపే వీల్లేదు.

ఇక్కడ మీ అబ్బాయి మాట నూటికి నూరుపాళ్లు సరైనది. ఒక్కరికి లేని హక్కు వెయ్యి మందికీ లేదు, మధ్యలో చట్టం లేకపోతే. 'ఊరంతా ఒక్కమాట మీద ఉంది' అన్నది ఎంత గట్టిగా చెప్పినా అధికారం కాదు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ముసాయిదాను ప్రవేశపెడుతూ, అది గ్రామాన్ని వదిలి వ్యక్తినే ప్రాతిపదికగా తీసుకున్నందుకు సంతోషమన్నారు. ఆ మాట అప్పట్లో చాలామందికి నచ్చలేదు. తర్వాత గ్రామ పంచాయతీలను ఏర్పాటు చేయాలన్న 40వ అధికరణం చేరింది. కానీ ఊరి మాట పేరుతో ఒక మనిషిని నలిపేయకూడదన్న పునాది మారలేదు. సుప్రీంకోర్టు 2011లో తమిళనాడులో పెద్దమనుషులు నడిపే కట్టపంచాయతీలను చట్టవిరుద్ధమంది. 2018లో శక్తివాహిని కేసులో ఉత్తరాది కులపెద్దల ఖాప్ పంచాయతీల గురించీ అంతే గట్టిగా చెప్పింది. పెద్దలు సలహా చెప్పొచ్చు. వినకపోతే శిక్షించలేరు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. ఏది పట్టుకోవాలో మీరే తేల్చుకోవాలి. ఊళ్లో ఉండేది మీరు.

సంతకం పెడితే ఇంట్లో, ఊళ్లో ఈ వారానికి గొడవ ఉండదు. కానీ ఆ కుటుంబం ఇప్పటికే కోర్టు మెట్లెక్కిన కుటుంబం. నల్లా తీసేసిన మర్నాడు 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేస్తే ముందు బయటికి వచ్చేది మీ తీర్మానం కాగితమే. వీడీసీ పుస్తకం ఎవరి దగ్గరుందో కూడా తెలియదు. పంచాయతీ మినిట్స్ బుక్కు మాత్రం ప్రభుత్వ రికార్డు, సంతకాలన్నీ అందులో ఉంటాయి. కమిటీకి కావలసింది కూడా అదే: తమ దండుగకు సర్కారు ముద్ర, రేపు గొడవైతే ముందు నిలబెట్టడానికి మీ పేర్లు. పదవిలో ఉన్నవాళ్లు చట్టాన్ని తెలిసి ఉల్లంఘించి ఒకరికి హాని చేయడం భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 198వ సెక్షన్ కింద నేరం. ఏడాది దాకా జైలు ఉండొచ్చు.

ఆ రోజు ఒంట్లో బాగాలేదని ఇంట్లో ఉండిపోవచ్చు. చాలామంది చేసేది ఇదే. ఒకసారికి పనికొస్తుంది. కానీ మీరు లేకుండానే తీర్మానం పాసైతే మీరు వద్దన్నట్టు ఎక్కడా రాసి ఉండదు. ప్రతిసారీ అలా మానేస్తూ పోతే సభ్యత్వమే పోయే నిబంధన చట్టంలో ఉంది. తప్పించుకోవడానికి వాడిన దారి మిమ్మల్ని తీసేయడానికి వాళ్లకు దొరికే సాకవుతుంది.

సమావేశానికి వెళ్లి వ్యతిరేకంగా ఓటేసి, అసమ్మతి రాయించడం మూడో దారి. నా మొగ్గు దీనివైపే, అయితే దీన్ని సరిగ్గా చేయాలి. పల్లెల్లో సంతకాలు ఎక్కడ చెడిపోతాయంటే, సమావేశం మొదట్లోనే హాజరు కోసం పుస్తకంలో సంతకం తీసుకుంటారు, తీర్మానం తర్వాత తీరిగ్గా రాస్తారు. చివరికి హాజరు సంతకం ఆమోదం సంతకంలా కనబడుతుంది. కాబట్టి సంతకం పక్కన 'హాజరు మాత్రమే' అని రాసి తేదీ వేయండి. ఖాళీ పేజీ మీద, పైన ఖాళీ వదిలిన చోట సంతకం పెట్టొద్దు. పుస్తకం ఇంటికి పంపించి సంతకం పెట్టించుకుంటామన్నా, మీ బదులు మీ ఆయన పెడతాడన్నా ఒప్పుకోవద్దు. పంచాయతీ సమావేశంలో భర్తకు కుర్చీ లేదు.

ఇంటి దగ్గరే ఒక కాగితం రెండు కాపీలు రాసుకుని వెళ్లండి. ఇంత చాలు:

'ఫలానా తేదీ గ్రామ పంచాయతీ సమావేశంలో ఫలానా అంశం మీద నా అసమ్మతి. ప్రైవేటు కమిటీ వేసిన జరిమానాను ఆమోదించడం, కోర్టులో ఉన్న తగాదా కారణంగా నల్లా కనెక్షన్ తొలగించడం, ధ్రువపత్రాలు నిరాకరించడం గ్రామ పంచాయతీకి చట్టం ఇచ్చిన అధికారాల్లో లేవు. ఈ తీర్మానానికి వ్యతిరేకంగా ఓటు వేశాను. దీన్ని మినిట్స్‌లో నమోదు చేయగలరు.'

ఒక కాపీ కార్యదర్శికి ఇచ్చి, రెండో దాని మీద ముద్ర, సంతకం, తేదీ తీసుకోండి. తీసుకోనంటే అదే రోజు స్పీడ్ పోస్టులో కార్యదర్శికీ, జిల్లా పంచాయతీ అధికారికీ (డీపీవో) పంపి రసీదులు దాచుకోండి. తర్వాత మినిట్స్‌లో ఏం రాశారో చూడటానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయిలో దానికి ఫీజు లేదు, జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు. కార్యదర్శి ప్రభుత్వ ఉద్యోగి. చట్టానికి బయట తీర్మానం రాయించుకున్నారన్న మరక ఆయనకు మీకన్నా ఎక్కువ ఖరీదు. సమావేశానికి రెండు రోజుల ముందే వెళ్లి ఈ కాగితం చూపిస్తే, ఆ అంశం అజెండాలోనే రాకుండా పోయే అవకాశముంది. సర్పంచ్ ఊగిసలాడుతున్నారన్నారు కదా, ఆయనకూ చూపించండి. కాదనడానికి ఒక కారణం కోసం ఎదురుచూస్తూ ఉండొచ్చు. మెజారిటీ మీకు వ్యతిరేకంగా పోయినా సరే, అధికార పరిధి దాటిన తీర్మానాన్ని ఆపే, రద్దు చేసే వీలు పైవాళ్లకు చట్టంలో ఉంది. డీపీవోకు పంపిన మీ కాగితం అప్పుడు పనికొస్తుంది.

దీని ధర కూడా చెప్పాలి. బహిష్కరణ మీ ఇంటివైపు తిరగొచ్చు. కొన్నాళ్లు మాటలు పడాలి. ఆ 5 వేల దండుగ మీకూ వేయొచ్చు. వేస్తే కట్టొద్దు, పోట్లాడొద్దు, రాసిమ్మనండి. రాసివ్వరు. ఎవరు, ఏ రోజు, ఎక్కడ, ఏ మాట అన్నారో నోటు పుస్తకంలో ఆ రాత్రే రాసుకోండి. మైకు చాటింపు, వాట్సాప్ మెసేజీలు ఉంటే అవి వచ్చిన ఫోను మార్చొద్దు, అమ్మొద్దు. కోర్టులో అసలు పరికరం, దానికో సర్టిఫికెట్ అడుగుతారు.

మిమ్మల్ని తీసేస్తారా అన్నారు. వార్డు సభ్యురాలిని వీడీసీ తీసేయలేదు, గ్రామసభ పెట్టి చేతులెత్తించినా కుదరదు. ఎన్నికైనవారిని ఓటర్లు మధ్యలో వెనక్కి పిలిచే ఏర్పాటు మన పంచాయతీ చట్టంలో లేదు. వాళ్ల చేతిలో ఉన్న ఇంకో ఉపాయం మీ చేత రాజీనామా రాయించడం. ఏకగ్రీవం కుదిర్చినప్పుడే తేదీ లేని రాజీనామా కాగితం మీద మీ సంతకం తీసుకున్నారేమో గుర్తు చేసుకోండి. తీసుకుని ఉంటే, అలాంటి కాగితం ఏదైనా వస్తే అది నా ఇష్టంతో ఇచ్చింది కాదని ఇప్పుడే మండల పంచాయతీ అధికారికీ (ఎంపీవో), డీపీవోకూ రాసి పంపండి.

మీ ఆయన సంగతి. ఆయన మీద కేసు రావొద్దన్నారు. నిజం చెప్పాలంటే ఈ మొత్తంలో మీకన్నా ఎక్కువ చిక్కులో ఉన్నది ఆయనే. మీరు ఇంకా సంతకం పెట్టలేదు, ఆయన దండుగ వేసిన సభలో కూర్చున్నారు. భయపెట్టి డబ్బు రాబట్టడం బీఎన్‌ఎస్ 308 కింద బలవంతపు వసూలు, ఏడేళ్ల దాకా శిక్ష. డబ్బు చేతికి రాకపోయినా దానికోసం భయపెట్టడం కూడా అదే సెక్షన్ కిందికి వస్తుంది. అండ కోసం అధికారుల దగ్గరికి పోవద్దని ఒకరిని బెదిరించడం వేరే నేరం. కలిసి చేసినప్పుడు 'నేను నోరు తెరవలేదు' అన్నది పెద్దగా ఆదుకోదు. ఆ కుటుంబం ఎస్సీయో ఎస్టీయో అయితే సాంఘిక బహిష్కరణ, ఆర్థిక బహిష్కరణ అన్న మాటలే అట్రాసిటీ చట్టంలో 2016 నుంచి నేరాలుగా ఉన్నాయి. బీసీ కుటుంబానికి ఆ చట్టం వర్తించదు. మహారాష్ట్ర 2016లో చేసినట్టు అందరికీ వర్తించే బహిష్కరణ నిషేధ చట్టం మన దగ్గర లేదు, ఉండాల్సింది. అయినా పై సెక్షన్లు చాలు.

ఇదంతా ఆయనకు బెదిరింపులా కాకుండా చెప్పాలి. నలుగురి ముందు వద్దు, ఇంట్లో చెప్పండి. ఆయన బయటపడే దారులు రెండున్నాయి. కమిటీకి రాజీనామా రాసివ్వడం ఒకటి, అది కులం మాట తెచ్చిపెడుతుంది. రెండోది, కమిటీలో ఉంటూనే దండుగ, బహిష్కరణ నాకు సమ్మతం కాదని కాగితం మీద పెట్టి, తగాదాను కోర్టుకే వదిలేద్దామని అడగడం. 'మా ఆడమనిషి పెట్టనంటోంది, నేనేం చేయను' అని మీ మీద నెట్టినా నెట్టనివ్వండి. ఆయన పరువు నిలుస్తుంది, మీ సంతకం మీ దగ్గరే ఉంటుంది.

కమిటీ కూడా వెనక్కి తగ్గడానికి ఒక దారి చూపిస్తే మంచిది. బాట తగాదా తేలే చోట్లు వేరే ఉన్నాయి. ఊరి నక్షాలో బండ్ల బాట ఉందో లేదో తహసీల్దారు ఆఫీసులో చూడొచ్చు. సర్వేయరుతో కొలిపించొచ్చు. నక్షాలో లేకపోయినా 20 ఏళ్లు అడ్డులేకుండా, హక్కుగా వాడుకున్న బాటకు 1882 నాటి చట్టం కింద దారి హక్కు పుడుతుంది, అది సాక్ష్యంతో తేలాల్సింది. ఇద్దరికీ ఇష్టమైతే కోర్టులో ఉన్న కేసునే లోక్ అదాలత్‌కు పంపించమని అడగొచ్చు. అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం, మళ్లీ అప్పీలు ఉండదు. పెద్దమనుషులు అక్కడ కూర్చుని రాజీ కుదిర్చితే వాళ్ల పెద్దరికానికి లోటు లేదు. షరతు ఒక్కటే: ముందు దండుగ, బహిష్కరణ ఎత్తేసి రావాలి. మెడ మీద కత్తి పెట్టి కుదిర్చింది రాజీ అవ్వదు.

పెండ్లికి పోవచ్చా అంటే, పోవడం మీ హక్కు, పోకపోవడం కూడా మీ హక్కే. అక్కడ మీరు వార్డు సభ్యురాలు కారు, పొరుగు మనిషి. పోతే ఆ కుటుంబానికి కొండంత ధైర్యం, కమిటీకి సవాలు. సమావేశం కన్నా ముందు పెండ్లి వస్తే, అక్కడి గొడవను సాకు చేసుకుని మీ అసమ్మతిని పక్షపాతం అంటారు, అదీ లెక్కలోకి తీసుకోండి. ముందు కాగితం పని ముగించి తర్వాత పోతే ఆ మాట అనలేరు. ఒంటరిగా కాకుండా మీ వార్డు ఆడవాళ్లు నలుగురితో కలిసి పోతే ఎవరి మీద దండుగ వేయాలో కమిటీకే చిక్కు.

ఫిర్యాదు ఇవ్వాల్సి వస్తే ఇవ్వవలసింది ఆ కుటుంబం, మీరు సాక్షిగా నిలబడొచ్చు. వాళ్లకు ఒక మాట చేరవేయండి. స్టేషన్లో బాట గురించి మొదలుపెడితే 'సివిల్ తగాదా, కోర్టుకు పోండి' అని పంపేస్తారు. కాబట్టి ఫిర్యాదులో మొదటి వాక్యం దండుగ అడిగిన తేదీ, మొత్తం, అడిగినవాళ్ల పేర్లు. రెండోది చాటింపు. మూడోది ఏ దుకాణం సరుకు ఇవ్వలేదు, ఏ హార్వెస్టరు రాలేదు, ఎంత పంట నష్టపోయింది. బాట చివర్లో ఒక్క ముక్క. ఎఫ్‌ఐఆర్ కట్టకపోతే అదే ఫిర్యాదు నిజామాబాద్ పోలీసు కమిషనరుకు పోస్టులో, అప్పటికీ కదలకపోతే లాయరు ద్వారా మేజిస్ట్రేట్ దగ్గర. సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకు ఇచ్చే దరఖాస్తు వేరే, అందులో నల్లా, ధ్రువపత్రాల సంగతి రాయాలి, పంచాయతీ ఆయన కిందికి వస్తుంది కాబట్టి. లాయరు ఖర్చుకు వెనకాడక్కర్లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయవాదిని ఇస్తారు. మీకూ, ఆ ఇంటి ఆడవాళ్లకూ అది వర్తిస్తుంది. ఫోన్ నంబరు 15100.